టిఫిన్ సంచిలో సైకిలు షాపు

రంగత్ బస్సులో వచ్చిన పొట్లం విప్పేసరికి ఎండు చేపల వాసన గుప్పుమంది. చేపల కింద వక్కలు, వక్కల కింద పాత హిందీ పేపరులో చుట్టిన ఇనుప వస్తువొకటి. అరచేతిలో ఇమిడిపోతుంది గాని బరువు బాగానే ఉంది. మా ఆయన రంగత్‌లో స్కూలు మాస్టారు. నేను, మా అమ్మాయి ప్రోతరాపూర్‌లో ఉండేవాళ్ళం. నెలకోసారి ఆయనైనా రావాలి, ఆయన పంపిన పొట్లమైనా రావాలి. ట్రంక్ రోడ్డు బస్సు డ్రైవరు చేతికి ఏదిచ్చినా భద్రంగా చేరుతుంది. మందులు, కోడిపిల్లలు, శుభలేఖలు అన్నీ అలాగే వచ్చేవి. మా వీధిలో ఒకాయనకి కట్టుడు పళ్ళు కూడా అలాగే వచ్చాయి.

ఆ రాత్రి ఫోనులో అడిగాను. “ఏటండీ ఇది, తాళాల గుత్తా?”

“సైకిల్ రిపేరు సామానే. విప్పి చూడు, ఒకదాంట్లోంచి ఒకటి వస్తాది. ఎవడో ఫారినర్ సైకిల్ మీద దీవులన్నీ తిరుగుదామని వచ్చినాడు. సునామీ దెబ్బకి అన్నీ ఒదిలీసి షిప్పెక్కీసినాడు. లాడ్జి భయ్యా దగ్గర పడుంటే నీ కోసం అడిగి పట్టుకొచ్చినాను. రోజూ సైకిల్ సైకిల్ అని నా చెవి తినీస్తన్నావు గదా.”

“చైన్ తెగితే అతుకుతాదా?”

“అతుకుతాదంట.”

“అంట ఏటి? మీరు చూసినారా?”

“చూళ్ళేదే తల్లీ. నేను లెక్కల మాస్టార్ని.”

ఆయన చెవి నేనెందుకు తినేశానో చెప్పాలి.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున్న అమ్మాయిని పక్కింటి దీదీకి అప్పగించి, చేపల కోసం బస్సెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాను. భూమి ఊగింది. అందరితో పాటు మార్కెట్లోంచి రోడ్డు మీదికి పరిగెత్తాను. ఊగడం ఆగాక అందరితో పాటు నవ్వాను కూడా. దీవుల్లో పుట్టి పెరిగినదాన్ని, భూమి ఊగడం నాకు కొత్త కాదు. మళ్ళీ లోపలికెళ్ళి బేరం మొదలుపెట్టాను. కాసేపటికి జెట్టీ వైపు నుంచి కేకలు వినిపించాయి. నీళ్ళు రోడ్డెక్కాయి, నీళ్ళతో పాటు పడవలూ ఎక్కాయి. చేతిలో సంచీ అక్కడే పారేసి ఎత్తు మీదికి పరిగెత్తాను. బస్సుల్లేవు, ఆటోలు ఆగవు, ఫోన్లు మోగవు. ప్రోతరాపూర్ దిక్కుగా నడిచాను, పరిగెత్తాను, మళ్ళీ నడిచాను. దారిలో ఒకడు అటు ఇళ్ళన్నీ పడిపోయాయన్నాడు, ఇంకొకడు ఏమీ కాలేదన్నాడు. ఇద్దర్నీ నమ్మాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా అమ్మాయి పక్కింటి మెట్ల మీద కూర్చుని జామకాయ కొరుకుతోంది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. నన్ను చూసి, “చేపలేవి?” అంది. చెయ్యి పట్టి లాగి ఒక్కటిచ్చాను. తరవాత దాన్ని పట్టుకుని ఏడ్చాను. ఎందుకు కొట్టానో దానికీ తెలీలేదు, నాకూ తెలీలేదు.

ఆ రోజు నుంచి నేనొక చోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. కిటికీలో గ్లాసుడు నీళ్ళు పెట్టుకుని, అవి కదులుతున్నాయా అని చూసేదాన్ని. కూర తిప్పుతూ తిప్పుతూ గరిటతోనే గుమ్మంలోకి వచ్చేదాన్ని. భూమి కూడా తక్కువ తినలేదు, వారానికోసారైనా ఊగి నన్ను ఉడికించేది. ఎక్కడున్నా నా బుర్రలో ఒకటే గోల. ఇక్కణ్ణుంచి పిల్ల ఉన్న చోటికి ఎంతసేపట్లో చేరగలను? స్నానం చేస్తున్నా అదే, ఆఫీసులో ఫైలు విప్పుతున్నా అదే. బస్సుని నమ్మను, ఆటోని నమ్మను. పెట్రోలు బంకు దగ్గర క్యూ చూశాక స్కూటరు మీదా నమ్మకం పోయింది. చివరికి సైకిలు కొన్నాను. చీర మానేసి సల్వారు తొడుక్కున్నాను. వీధిలో ఆడవాళ్ళు, “కౌన్‌సా రేస్ హై దీదీ?” అని నవ్వేవాళ్ళు. నవ్వుకోండి అనుకున్నాను.

మా ఆఫీసు సిప్పీఘాట్ అవతల. చిన్న సర్కారీ ఆఫీసు, పెంకుటిల్లంత ఉంటుంది. ఇంటికీ ఆఫీసుకీ మధ్య రోడ్డు పల్లంలోకి దిగి, ఉప్పుటేరు పక్కన చాలా దూరం వెళ్ళి మళ్ళీ ఎక్కుతుంది. సునామీ తరవాత ఆ పల్లం సముద్రానిదైపోయింది. భూమి కుంగిందని తరవాత పెద్దవాళ్ళు చెప్పారు గాని, మా కళ్ళకి మాత్రం సముద్రమే పైకొచ్చి కూర్చున్నట్టుండేది. వరి పండిన మళ్ళలో చేపలు ఈదాయి. పోక చెట్లూ కొబ్బరి చెట్లూ నిలబడినవి నిలబడినట్టే ఎండిపోయాయి. పోటు వచ్చినప్పుడల్లా రోడ్డు మునిగేది, ఆటుకి తేలేది. కల్వర్టు గోడ మీద పాత గుర్తొకటి ఉండేది. నీళ్ళు దాని కిందుంటే రోడ్డు మీద భయం లేదని ఎప్పట్నుంచో అందరి లెక్క. కల్వర్టు కన్నా అవతలి రోడ్డు ఎక్కువ కుంగిందని ఎవరికీ తట్టలేదు. ఆ గుర్తు చూసి ధైర్యంగా దిగి, నడుము లోతులో నిలబడి సముద్రాన్ని తిట్టినవాళ్ళని నేనే ఎంతోమందిని చూశాను.

నాకు మాత్రం తెలుగు క్యాలెండరు అక్కరకొచ్చింది. విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చిన క్యాలెండరు గోడకి వేలాడేది. అంతకు ముందు అందులో ఏకాదశి చూసేదాన్ని, ఇప్పుడు రోడ్డు చూసేదాన్ని. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ కొన్ని రోజులు పొద్దుటి పోటు రోడ్డుని మింగేసేది. అష్టమి, నవమి రోజుల్లో మహా అయితే చక్రాలు తడిసేవి, అంతే. ఈ సంగతి ఆఫీసులో పాకింది. బెంగాలీవాళ్ళు, తమిళులు, రాంచీవాళ్ళు అందరూ సాయంత్రం నా బల్ల దగ్గర ఆగి, “దీదీ, కల్ కౌన్‌సా తిథి హై?” అనేవారు. పంచాంగం చూసి ఆఫీసుకెళ్ళిన గుమాస్తాలు మా దగ్గర తప్ప ఇంకెక్కడైనా ఉంటారని నేననుకోను.

రోడ్డు సంగతి అలా కొంత తేలింది గాని సైకిలు సంగతి తేలలేదు. ఉప్పునీళ్ళలో తొక్కితే చైను వారానికే ఎర్రబడిపోతుంది. కొబ్బరినూనె రాశాను, కిరోసిన్ రాశాను, చైను మీది కవరు తుప్పుపట్టి లొడలొడలాడుతుంటే పీకి పారేశాను. రెండుసార్లు చైను తెగి సైకిలు తోసుకుంటూ ఇంటికొచ్చాను. తోసుకుంటూ రావడం కష్టం కాదు. ఈరోజే నీళ్ళొచ్చి ఉంటే అన్న ఆలోచన ఉందే, అదే నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఆయన చెవి తిన్నాను, అందుకే ఆ ఇనుప ముక్క వచ్చింది.

విప్పితే అందులో నిజంగానే ఒక సైకిలు షాపుంది. చాకు మడత విప్పినట్టు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. అటూ ఇటూ చిన్నా పెద్దా చువ్వలు, ఒక స్క్రూడ్రైవరు, రెండు పక్కలా టైరు ఊడదీసే గరిటల్లాంటివి రెండు, పొట్టలో ప్యాచీలు పెట్టుకునే చిన్న అర, కొసన చైను పిన్నుని తోసే చిన్న మర. అందులో సగం నా సైకిలుకి పనికిరాలేదు. ఆరు మూలల చువ్వలు దూరే బోల్టు నా సైకిలు మొత్తం వెతికినా ఒక్కటి దొరకలేదు. ఫారిన్ సైకిలు కోసం పుట్టిన వస్తువది. గరాచర్మాలో సైకిలు షాపు భయ్యా దాన్ని అటూ ఇటూ తిప్పి, “దీదీ, యే తో ఖిలోనా హై” అని నా చేతిలో పెట్టేశాడు. బొమ్మ అన్నందుకు నాకు ఒళ్ళు మండింది. పాత చైను ముక్క ఒకటిమ్మని తీసుకుని ఇంటికొచ్చేశాను.

వరండాలో కూర్చుని ఆ ముక్క మీద చెయ్యి తిప్పుకున్నాను. మొదటిసారి మర తిప్పుతూ తిప్పుతూ పిన్నుని పూర్తిగా అవతలికి తోసేశాను. ఇక అది తిరిగి లోపలికి వెళ్తే కదా. వేలు నలిగింది, తిట్లు నోట్లోంచి వాటంతటవే వచ్చాయి. తరవాత తెలిసింది, పిన్ను కొస అవతలి రేకులో పట్టుకుని ఉండగానే తిప్పడం ఆపాలి. అప్పుడు రేకుల్ని కాస్త వంచి తెగిన లంకె తీసేసి, అవతలి కొస లంకెని ఆ రేకుల మధ్య పెట్టి, మరని ఇటువైపు నుంచి వెనక్కి తిప్పితే పిన్ను మళ్ళీ ఇంటికొస్తుంది. పంచరుకి చక్రం ఊడదియ్యక్కర్లేదు. టైరు ఒక పక్క లేపి ట్యూబు బయటికి లాగి ప్యాచీ వేసేయొచ్చు. అదీ నేర్చుకున్నాను. చేతులకి పని దొరికాక మనసు కాస్త నిమ్మళించింది. ఆ వస్తువుని టిఫిన్ సంచిలో గిన్నె పక్కన పెట్టుకుని తిరిగాను. పెరుగన్నానికి గ్రీజు వాసన తగిలేది. పరవాలేదు అనుకున్నాను.

ఆదివారాలు రిహార్సలు. ఆఫీసు దాకా వెళ్ళి అక్కణ్ణుంచి అమ్మాయి స్కూలు గేటు దాకా ఊపిరి బిగబట్టి తొక్కేదాన్ని. స్కూలు ప్రోతరాపూర్‌లోనే, మా ఇంటికి దగ్గర్లో, కొండ వాలులో. మా అమ్మాయి ఒక్కోసారి గేటు దగ్గర నిలబడి నన్ను చూసేది. ఒక ఆదివారం అడిగింది.

“అమ్మా, స్కూల్ టైములో నీళ్ళొస్తే నువ్వేటి చేస్తావు?”

“నీ కాడికి ఒచ్చీస్తాను.”

“ఆ రోడ్డు మీంచా?”

“ఇంకే రోడ్డుంది?”

అది చెప్పులతో మట్టి గీరుతూ నిలబడింది. అమ్మ వస్తుందని దానికి ధైర్యం చిక్కింది అనుకున్నాను.

రెండో ఏడు, ఒక పౌర్ణమి మర్నాడు, ఆఫీసులో ఫైలు మీద సంతకం పెడుతుంటే కుర్చీ జరిగింది. బీరువా తలుపులు కొట్టుకున్నాయి. బయటికి పరిగెత్తాం. ఊగడం ఆగింది గాని ఎవరూ నవ్వలేదు, నవ్వే రోజులు పోయాయి. ఇంతలో నీళ్ళొస్తున్నాయని రోడ్డు మీద ఎవరో అరిచారు, “పానీ ఆ రహా హై!” మా ఆఫీసరు అందర్నీ ఆఫీసు వెనక కొండెక్కమన్నాడు. అందరూ అటు తిరిగారు. నేను సైకిలు స్టాండు తన్ని ఇటు తిరిగాను. వెనక నుంచి పిలుస్తున్నారు, ఎవరు పిలిచారో చూడలేదు.

దిగుడులో తొక్కక్కర్లేదు, సైకిలు తనంతట తనే పరిగెత్తింది. ఎదురుగా స్కూటర్లు, జీపులు, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు. పల్లంలో ఉన్నవాళ్ళంతా ఎక్కుతున్నారు, నేనొక్కదాన్నే దిగుతున్నాను. పోటు వేళ, మోకాలి లోతు నీళ్ళు. సైకిలు భుజాన వేసుకోలేక తోసుకుంటూ దాటాను. ఆ నీళ్ళు రోజూ వచ్చే పోటు నీళ్ళా, కొత్తగా వస్తున్న నీళ్ళా? చూసి చెప్పలేను, చూడటానికి ఆగలేను. మధ్యలో రోడ్డు కాస్త తేలిన చోట ఎక్కి గట్టిగా ఒక్క తొక్కు తొక్కాను. పటుక్కుమంది. పెడలు ఊరికే తిరిగింది. వెనక్కి చూస్తే చైను రోడ్డు మీద పడుంది.

నేను కూర్చున్నాను. రెండు పక్కలా నీళ్ళు, మధ్యన రోడ్డు మీద గొంతుక్కూర్చుని టిఫిన్ సంచి విప్పాను. వేళ్ళకి పని గుర్తుంది. తెగిన లంకె పట్టుకుని మర బిగించాను, తిప్పాను, పిన్ను కొస ఆగాల్సిన చోట ఆగింది. ఆఖరి స్కూటరు ఒకటి పక్కన బ్రేకు వేసింది. “దీదీ, పాగల్ హో క్యా? సైకిల్ ఛోడో, పీఛే బైఠో, ఊపర్ చలో!” అన్నాడు. వెనక ఎక్కమంటున్నాడు గాని, అతను వెళ్తున్నది మా ఆఫీసు వైపు. “నువ్ పోరా బాబూ, నీ పని చూసుకో” అన్నాను తెలుగులోనే, తల ఎత్తకుండా. అతనికి భాష అర్థం కాకపోయినా మాట అర్థమైంది, వెళ్ళిపోయాడు. లంకె కలిసింది, పిన్ను ఇంటికొచ్చింది. పెడలు తిప్పితే చక్రం తిరిగింది. అంత భయంలోనూ నాకు గర్వమేసింది. చూశావా భయ్యా, ఖిలోనా అన్నావు అనుకున్నాను.

స్కూలు చేరేసరికి గేటు బార్లా తీసి ఉంది. తరగతుల్లో ఒక్క పిల్లా లేదు, బెంచీల మీద పుస్తకాలు విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. గేటు దగ్గర చౌకీదారు తాళాలు పట్టుకుని వస్తూ, “సబ్ బచ్చే ఊపర్ హై” అని కొండ చూపించాడు. సైకిలు అక్కడే పడేసి ఎక్కాను.

కొండ మీద పోకతోటలో పిల్లలు వరసల్లో కూర్చున్నారు. మేడమ్ తలలు లెక్కపెడుతోంది. అప్పటికే ఎవరికో ఫోను వచ్చింది, నీళ్ళు లేవు, ఏమీ లేదు, ఒట్టి పుకారని. మా అమ్మాయి ఒక్కతే వరసలోంచి లేచి చివర నిలబడి ఉంది. అక్కణ్ణుంచి చెట్ల సందుల్లో దూరంగా పల్లం నీళ్ళు మెరుస్తూ కనిపిస్తాయి. నన్ను చూసింది గాని పరిగెత్తుకు రాలేదు. మోకాళ్ళ దాకా తడిసిన సల్వారు చూసింది, నల్లబడిన చేతులు చూసింది.

“ఆ రోడ్డు మీంచే వచ్చినావా?”

“మరి? మధ్యలో చైన్ తెగిపోయింది తెలుసా. రోడ్డు మధ్యన కూకుని నేనే అతికీసినాను!”

మెచ్చుకుంటుందనుకున్నాను. రెండు చేతులూ బిగించి నా పొట్ట మీద గుద్దింది. మళ్ళీ గుద్దింది. మేడమ్ మా వైపు రాబోయి ఆగిపోయింది.

“మేడమ్ చెప్పినారు, కిసీ కా ఇంతజార్ నై కర్నా, సీదా ఊపర్ అని. ఎవరి కోసం ఆగకుండా నేను ఎక్కీసినాను. ఎక్కీసి ఇక్కడ్నుంచి ఆ నీళ్ళే చూస్తన్నాను. నువ్వు ఒస్తావని నాకు తెల్సు. ఎప్పుడూ తెల్సు. భూకంప్ వస్తే నాకు నీళ్ళంటే భయం లేదమ్మా, నువ్వు ఆ రోడ్డు మీదుంటావని భయం. నీళ్ళొస్తే నేను ఇక్కడ కూకుని చూడాలా?”

ఏడాదిన్నరగా నేను లెక్కవేసినది నా భయమొక్కటే. గేటు దగ్గర మట్టి గీరుతూ నిలబడ్డ ఆదివారాలు దానికి ఎలా గడిచాయో నేను అడగనే లేదు.

“ఒట్టెయ్యి” అంది. “నువ్వు అక్కడ కొండెక్కు. నేను ఇక్కడ ఎక్కుతాను. అంతా అయిపోయినాక ఇంటికి రా. ఇంకోసారి ఆ రోడ్డు మీంచి ఒస్తే, నేను ఎక్కను. కిందే నిలబడతాను.”

“అలాగనకూడదమ్మా.”

“కిందే నిలబడతాను!”

నా చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకుంది. “మసి అంటుతాది, ఉండు” అన్నాను. చెయ్యి వదల్లేదు. పిల్లలందరూ చూస్తున్నారు. ఒట్టేశాను. నోటితో అన్నానే గాని, ఆ మాట నిలబెట్టుకోగలనని నాకేమీ నమ్మకం లేదు. రాత్రి మా ఆయనకి ఫోనులో చెప్పాను. “అది నీకన్నా నయం” అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఫోను పెట్టేశాను.

కొన్ని నెలలకి మళ్ళీ ఊగింది. ఆఫీసు వేళే. ఆ రోజు నవమి, రోడ్డు పొడిగా ఉంటుందని నాకు తెలుసు. సైకిలు చెట్టు కింద సిద్ధంగా ఉంది, చైను కొత్తది, నూనె రాసింది, రిపేరు సామాను సంచిలో ఉంది. అందరూ కొండ వైపు పరిగెత్తారు. నేను వెళ్ళి హ్యాండిలు పట్టుకున్నాను. అలా ఎంతసేపు నిలబడ్డానో గాని, చివరికి చేతులు వదిలేసి కొండ వైపు నడిచాను. నేను ఆ రోడ్డెక్కితే ఇంకోసారి నా పిల్ల కిందే నిలబడుతుందేమో అన్న ఒక్క భయంతో నడిచాను.

పైన ఎవరో, “దీదీ, బైఠో నా” అన్నారు. కూర్చోలేకపోయాను. ఈ చెట్టు దగ్గర్నుంచి ఆ చెట్టు దాకా, ఆ చెట్టు దగ్గర్నుంచి ఈ చెట్టు దాకా తిరిగాను. అమ్మాయి స్కూలు కొండ ఎటుందో తెలుసు గాని, మధ్యలో ఇంకో కొండ అడ్డం. చేతులకి ఏ పనీ లేదు. పొడిగా ఉన్న రోడ్డుని చూస్తూ పైన ఉండిపోవడమంత కష్టం నేను ఆ పల్లంలో చైను అతుకుతూ కూడా పడలేదు. కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, మళ్ళీ కోపం వచ్చింది. నీళ్ళు రాలేదు. అందరూ దిగాక దిగాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది. స్కూలు సంచీ ఇంకా వీపునే ఉంది.

“ఎక్కినావా?” అంది.

“ఎక్కినాను.”

“ఎంత వరకు?”

“పై దాకా.”

నమ్మలేదు. వంగి నా సల్వారు అంచు పట్టుకుని, రెండు కాళ్ళదీ చేత్తో తడిమి చూసింది. పొడిగా ఉంది. అప్పుడు గాని జరిగి నన్ను లోపలికి రానివ్వలేదు.